సర్దుకు పో

గుడివాడ
14 సెప్టెంబరు 2025

అత్తయ్యగారికి,

మీరు కులాసాగా ఉన్నారనీ, మందులు మాత్రం వేసుకోవడం లేదనీ మొన్న బియ్యం తెచ్చినప్పుడు ఏసుపాదం చెప్పాడు. కాబట్టి ఎలా ఉన్నారని అడగను. మందులు ఎందుకు వేసుకోవడం లేదని అడుగుతాను.

ఫోను చేయకుండా ఈ ఉత్తరం ఏమిటని అనుకోకండి. ఫోనులో నేను అరిస్తే గానీ మీకు వినపడదు. నేను అరిస్తే ఈ అపార్ట్‌మెంటు మొత్తానికి వినపడుతుంది. పోనీ మెసేజ్ పెడదామంటే మీ బటన్ ఫోనులో అక్షరాలు మీకు ఆనవు, ఎదురింటి కృపాకుమారి గారు చదివి పెట్టాలి. ఈ సంగతి ఆవిడ నోట మీరు వినకూడదు.

మీ అబ్బాయి నాతో మాట్లాడటం మానేశారు.

వినాయక చవితి మర్నాడు సాయంత్రం ఆయన స్నేహితులు నలుగురు మా హాల్లో చేరారు. అమెరికావాళ్ళు మన రొయ్యల మీద సుంకం పెంచారుగా, అప్పట్నించీ గుడివాడలో రొయ్యల మేత అమ్మేవాళ్ళందరి మొహాలూ వేలాడుతున్నాయి. సుంకంతో మొదలుపెట్టి యుద్ధాల్లోకి వెళ్ళారు. ఏ దేశం ముందు తగ్గాలి, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెడితే సంధి కుదురుతుంది, పకోడీలు తింటూ ప్రపంచాన్ని ఒక కొలిక్కి తెస్తున్నారు. నేను రెండోసారి టీ పట్టుకెళ్ళి, "ఏవండీ, లాస్య పుస్తకాల అలమారకు చెద పట్టిందండీ, రేపైనా మనిషిని పిలవండి" అన్నాను. అప్పటికి చాలాసార్లు చెప్పాను లెండి. "ఇక్కడ పెద్ద విషయాలు మాట్లాడుకుంటుంటే మధ్యలో నీ చెదలేంటి?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వుతూనే, "పెళ్ళాం చెప్పేది రెండు నిమిషాలు వినలేరు గానీ, రెండు దేశాలను కూర్చోబెట్టి మాట్లాడిస్తారంట!" అన్నాను.

ఈసారి వాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు. మీ అబ్బాయి ఒక్కరే నవ్వలేదు.

ఆ రాత్రి నుంచీ మాటల్లేవు. ఏం కావాలన్నా లాస్యతోనే. "మీ అమ్మతో చెప్పు, సాంబారులో ఉప్పెక్కువైంది." "మీ అమ్మనడుగు, నా నీలం చొక్కా ఏదని." నేను ఆ బల్ల దగ్గరే, ఎదురుగానే కూర్చుని ఉంటాను. నిన్న కొత్త షరతు వచ్చింది. ఆ నలుగురినీ మళ్ళీ పిలుస్తారట, వాళ్ళ ముందు నేను సారీ చెప్పాలట. అది కూడా లాస్యే చెప్పింది. తొమ్మిదో తరగతి పిల్ల, తల దించుకుని చెప్పింది.

నేను చెప్పనత్తయ్యా. నేనన్న దాంట్లో అబద్ధం ఏముంది? రోజూ రైలెక్కి బందరు వెళ్ళి, కాలేజీలో పిల్లలకు సివిక్స్ చెప్తాను. భావప్రకటన స్వేచ్ఛ అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, మళ్ళీ అదే రైలెక్కి ఇంటికొచ్చి నోరు మూసుకుంటాను. నవ్వొస్తోంది నాకే.

పెద్దవారు, ఆయన్ను కన్నవారు. ఏం చేయాలో మీరే చెప్పండి. మీరు ఏది చెప్తే అది చేస్తాను.

మీ కోడలు,
మాధవి

---

కోడూరు
20 సెప్టెంబరు 2025

అమ్మాయ్ మాధవీ,

మందుల సంగతి నీకు ఏసుపాదం మోసుకొచ్చాడా! రేపట్నించి వాడి కాఫీలో పంచదార వేయను.

నా చెవుల గురించి దిగులు పడకు. మీ ఆయన కొనిచ్చిన మిషను పెట్టుకుంటే ఫ్యాను తిరుగుతుంటే రైలొచ్చినట్టుంది. తీసి డబ్బాలో పడేశాను. టీవీ కూడా చప్పుడు లేకుండానే చూస్తున్నాను. చెవులు పోయాక మొహాలు భలే తెలుస్తున్నాయే! మొన్న ఎవరో ఇద్దరు పెద్దమనుషులు సంధి మాటలకని కూర్చున్నారు. చేతులు కలిపారు గానీ, ఒకడు కెమెరా వైపు చూస్తున్నాడు, రెండోవాడు తన బూట్లు చూసుకుంటున్నాడు. ఇది నిలవదని కృపాకుమారితో అప్పుడే అన్నాను. కింద వచ్చే అక్షరాలు మాత్రం చర్చలు సఫలమని రాస్తున్నాయి.

ఇక సుంకం అంటావా, నా చెరువు అదే చెరువు, రొయ్య అదే రొయ్య. ఎక్కడో ఎవరికో కోపమొస్తే కోడూరులో ధర పడిపోవడమేమిటి? కోపమొచ్చినవాడు మాత్రం శుభ్రంగా తిని తిరుగుతుంటాడు.

మా పిచ్చేశ్వరరావు చిన్నప్పుడూ అంతే. అలిగితే కంచం ముందు కూర్చుని గోడతో మాట్లాడేవాడు. అచ్చంగా మీ మావగారి పోలిక. ఆయనొకసారి గట్టు తగాదాలో నేను పక్కరైతు వైపు మాట్లాడానని, ఊడ్పుల్లో అలిగి కోతల దాకా పాలేరుతో కబుర్లు పంపారు. నలుగురిలో నవ్వులపాలవడమంటే ఈ ఇంటి మగాళ్ళకు చచ్చేంత భయం. నువ్వన్నది తప్పని నేననను. నీ ఉత్తరం చదివి పగలబడి నవ్వాను కూడా, ఏసుపాదం వచ్చి ఏమైందని అడిగాడు.

అయినా సంసారం నీది, ఆడపిల్ల ఎదుగుతోంది. ఈ ఉత్తరంతో పాటే మీ మావగారి ట్రంకుపెట్టె ఏసుపాదంతో పంపుతున్నాను. అవనిగడ్డలో బస్సెక్కి, పామర్రులో మారి, మీ ఇంటి దాకా తెచ్చి ఇస్తాడు. గట్టి ఇనుము, ఎన్ని పెట్టినా పడతాయి. ఎందుకు పంపానో నీకు వేరే చెప్పక్కర్లేదు.

నన్ను అడిగావు కాబట్టి పెద్దదానిగా ఒక్కటే మాట. ఆలోచనలు పెట్టుకోకుండా, సర్దుకు పో.

మీ అత్త,
వెంకటరత్నమ్మ

---

ఇనుగుదురుపేట, మచిలీపట్నం
28 సెప్టెంబరు 2025

అత్తయ్యగారికి,

మీ మాట ప్రకారం సర్దుకుని వచ్చేశాను.

ఏసుపాదం పెట్టె దించి, ఉత్తరం చేతికిచ్చి వెళ్ళాక గుమ్మంలోనే నిలబడి చదివాను. మళ్ళీ మళ్ళీ చదివాను. నా కళ్ళు నన్ను మోసం చేస్తున్నాయేమోనని లాస్యతో చదివించాను. అదీ అలాగే చదివింది. ఏ అత్తగారైనా కోడలికి ఇలా రాస్తుందా? రాయడమే కాదు, పెట్టె కూడా పంపిస్తుందా? మంచం మీద కూర్చుని ఏడ్చానత్తయ్యా. నా పక్షాన ఒక మనిషి నిలబడటం ఇన్నాళ్ళకు చూశాను.

నా చీరలు, లాస్య బట్టలు, చెద తినగా మిగిలిన పుస్తకాలు అన్నీ ఆ పెట్టెలో పట్టాయి. మీ అబ్బాయి టీవీలో చర్చ చూస్తున్నారు. పెట్టె ఈడ్చిన చప్పుడుకు తిరిగి చూసి, "లాస్యా, మీ అమ్మ ఎక్కడికి బయల్దేరిందో కనుక్కో" అన్నారు. అప్పుడు కూడా లాస్యనే! నేను మీ ఉత్తరం తీసి ఆయన చేతిలో పెట్టాను. చదివారు. వెనక్కి తిప్పి చూశారు. పెట్టె మీద తెల్లరంగుతో రాసిన మావగారి పేరు చూశారు. ఆ మొహాన్ని మీరు చూడాల్సింది.

మా కాలేజీ లైబ్రేరియన్ రహీమా గారని ఇదివరకు చెప్పాను, ఆవిడ ఇంటి మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉంటే అద్దెకు తీసుకున్నాను. మీ ఉత్తరం సంగతి చెబితే ఆవిడ చాలాసేపు నమ్మలేదు. "మీ అత్తగారిని ఒకసారి బందరు తీసుకురండి మాధవి గారూ, ఆ చెయ్యి పట్టుకుని చూడాలి" అంది. దసరా సెలవులయ్యాక లాస్య ఇక్కణ్ణించే రైల్లో గుడివాడ స్కూలుకు వెళ్తుంది.

మొన్న క్లాసులో ఒక పిల్ల లేచి, "మేడమ్, ఐక్యరాజ్యసమితి మాట ఎవరూ విననప్పుడు అదుండి ఏం లాభం?" అని అడిగింది. వినేవాళ్ళుంటే ఒక్క ఉత్తరం చాలమ్మా అన్నాను. మీరే గుర్తొచ్చారు.

ఈ మేలు మరిచిపోను.

ప్రేమతో,
మాధవి

---

కోడూరు
5 అక్టోబరు 2025

మాధవికి,

పదిమందికి చదువు చెప్పేదానివి, నీకు తెలుగు చదవడం రాదా?

సర్దుకుపొమ్మంటే పెట్టె సర్దుకుని పొమ్మనా? నేను పంపింది లాస్య పుస్తకాలు పెట్టుకోవడానికి! చెద పట్టిందని రాసింది నువ్వే కదా, ఇనప్పెట్టెకు చెద పట్టదని పంపాను. ఎందుకు పంపానో చెప్పక్కర్లేదన్నది అందుకు. పైగా ఆ ఉత్తరం మొగుడి చేతిలో పెట్టావా!

దసరా నాడు పొద్దున్నే వచ్చాడు మీ ఆయన. గుమ్మంలోంచే మొదలుపెట్టాడు. ఏమన్నాడో వినపడలేదు గానీ మెడ నరాలు కనపడ్డాయి. కృపాకుమారి పరిగెత్తుకొచ్చి నా చెవి దగ్గర, "పిన్నిగారూ, కాపురం మీరే కూల్చారంటున్నాడండీ!" అని అరిచింది. అంటే ఇప్పుడు వీధి మొత్తానికి తెలుసు. నా ఉత్తరం తెచ్చి నా ముందే పరిచాడు. చూశాను, చేతిరాత నాదే. 'సర్దుకు' ఒకచోట ఉంది, 'పో' ఒకచోట ఉంది. కళ్ళజోడు మార్చమని డాక్టరు చెప్తూనే ఉన్నాడు. ఏసుపాదం మొహం అటు తిప్పుకుని నవ్వుతున్నాడు. వాడి సంగతి తర్వాత చూస్తాను.

జరిగిందేదో జరిగింది. నువ్వు నా మాట వింటానన్నావు కాబట్టి ఇప్పుడు సరిగ్గా చెప్తున్నాను, విను. వచ్చే ఆదివారం లాస్యను తీసుకుని గుడివాడ వెళ్ళు. ఆ నలుగురి ముందు ఆ రెండక్షరాల ముక్కా అనెయ్యి. అంటే నీ నోరేమన్నా అరిగిపోతుందా? రాజ్యాలకు రాజ్యాలే తగ్గి మాట్లాడుకుంటున్నాయి, నువ్వెంత, నేనెంత?

నాకు ఇక్కడ తలెత్తుకునే వీల్లేకుండా ఉంది.

వెంకటరత్నమ్మ

---

ఇనుగుదురుపేట, మచిలీపట్నం
11 అక్టోబరు 2025

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం చదివి మొదట సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత కోపమొచ్చింది. కోపంతోనే రాస్తున్నాను, మన్నించమని మాత్రం అడగను.

నాకు తెలుగు చదవడం వచ్చు. ఆ మాటను పెళ్ళైన పదహారేళ్ళుగా ఒకటే అర్థంతో చదువుతున్నాను. మా అమ్మ అదే చెప్పింది, మా అక్క అదే చెప్పింది, పక్క ఫ్లాట్‌లో ఆవిడ లిఫ్ట్‌లో కనపడినప్పుడల్లా అదే చెప్తుంది. అందరూ కలిపి చెప్పారు. మీరొక్కరే విడదీసి రాశారు. పొరపాటున రాశారా? రాస్తే రాశారు. అది నాకు అందింది. ఇక వెనక్కి ఇవ్వను.

రాజ్యాలు తగ్గుతున్నాయన్నారు. నిజమే, తగ్గుతున్నాయి. తగ్గేది ఎప్పుడూ చిన్న రాజ్యమే. సుంకం వేసినవాడు తగ్గాడా, నష్టపోయిన మీరు తగ్గారా? ధర ఎంతంటే అంతకు ఇచ్చి రొయ్యలు పంపారు కదా! ఇది మా సివిక్స్ పుస్తకంలో లేదు, మీకు చెప్తున్నాను.

నా బాధ నా పరువు గురించి కూడా కాదు. లాస్య గురించి. మా ఇద్దరి మధ్యా ఆ పిల్ల పోస్ట్‌మాన్ అయింది. అలా మోసేటప్పుడు ఏం చేసేదో తెలుసా? ఆయన "సాంబారులో ఉప్పెక్కువైంది" అంటే, ఇది నా వైపు తిరిగి, "సాంబారు బాగుందంటమ్మా, కొంచెం ఉప్పు తగ్గిస్తే చాలంట" అనేది. నేను పక్కనే ఉండి రెండూ వినేదాన్ని. పద్నాలుగేళ్ళ పిల్ల మాటలకు మెత్తటి గుడ్డలు చుట్టి మోస్తుంటే, కంచం ముందు నుంచి లేచిపోయేదాన్ని. రేపు ఇంకో ఇంట్లో ఇంకెవరి మాటలో ఇలాగే మోస్తుంది. మోయకూడదు.

అందుకే స్పష్టంగా రాస్తున్నాను, ఇది ఎలా విడదీసి చదివినా అర్థం మారదు. ఆయన నాతో మాట్లాడాలి. లాస్యతో కాదు, మీతో కాదు, స్నేహితులతో కాదు. నా పేరు పెట్టి, నాతో. తిట్టినా సరే. ఆ తర్వాతే ఇంటి సంగతి. సారీ మాత్రం నా నోట రాదు.

ఇంకొక్క మాట. చెవులు పోయాక మొహాలు భలే తెలుస్తున్నాయని రాశారు. పండక్కీ పబ్బానికీ పదహారేళ్ళుగా మీ ఇంటికి వస్తున్నాను. నా మొహంలో మీకేం కనపడింది?

మాధవి

---

కోడూరు
10 నవంబరు 2025

మాధవీ,

నీ ఉత్తరానికి కోపమొచ్చి జవాబు రాయలేదు. కోపం దిగేసరికి తుఫాను వచ్చింది. వరి చాలామటుకు పడుకుంది. కరెంటు పోతే చెరువులో రొయ్యకు గాలి ఆడదు కదా, ఏసుపాదం, నేను జనరేటరును కనిపెట్టుకుని కూర్చున్నాం. ఆ నాలుగు రోజులూ టీవీ లేదు. ప్రపంచం ఏమైపోయిందో నాకు తెలియదు, నేనేమైపోయానో దానికీ తెలియదు.

నిన్న ఆదివారం మీ ఆయన వచ్చాడు. తుఫానుకు తల్లి ఎలా ఉందో చూడటానికనుకున్నాను. కాదు, కారులోంచి ఆ నలుగురూ దిగారు. రాజీ చేస్తారట. సరే, వీళ్ళేం మాట్లాడతారో విందామని లోపలికెళ్ళి ఆ మిషను తీసి చెవిలో పెట్టుకున్నాను. పైన కొంగు కప్పుకుని వచ్చి కూర్చున్నాను. వాళ్ళకు తెలియదు.

నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. నేను చెయ్యి చాపితే వాడి భుజం తగులుతుంది. అంత దగ్గర కూర్చుని, అవతలాయనతో అంటున్నాడు: "మా అమ్మకు చెప్పన్నయ్యా, ఒక ఉత్తరం ముక్క గట్టిగా రాయమను, ఆవిడ రాస్తే వచ్చేస్తుంది." ఆయన నా మీదకు వంగి, "మీరు ఉత్తరం రాయాలంటండీ!" అని అరిచాడు. చెవిలో పిడుగు పడినట్టైంది. నేను తలూపాను. అప్పుడు నా కొడుకు నవ్వి, "ఆవిడకేం అర్థమవుతుందన్నయ్యా, అన్నిటికీ అలాగే ఊపుతుంది" అన్నాడు.

చాలా బాధేసిందే అమ్మాయ్. వినపడనప్పుడు కూడా ఇలాగే అనేవాడు కదా అనిపించింది. నా ఇంట్లో, నా కుర్చీలో, నేను లేనట్టే మాట్లాడుతున్నాడు. నీ ఉత్తరం మొత్తం అప్పుడు అర్థమైంది. నువ్వు రాసినప్పుడు కాదు.

"ఒరేయ్, నాతో చెప్పరా" అన్నాను.

అందరూ ఉలిక్కిపడ్డారు. కొంగు తీసి మిషను చూపించాను. "ఇక్కడే ఉన్నాను కదరా, నీ పక్కన. నాకేం చెప్పాలో నాతో చెప్పు" అన్నాను. "అది కాదమ్మా..." అన్నాడు. ఎదురుగా చూసి మాట్లాడటం వాళ్ళ నాన్నకూ చేతకాలేదు, వీడికీ చేతకాలేదు. అలిగి సాధించుకోవడం మాత్రం వచ్చు.

"నా కోడలు సారీ చెప్పదు. నేను రాయను. వచ్చినవాళ్ళు భోంచేసి వెళ్ళండి" అన్నాను. నలుగురూ చేపల పులుసు మారు వేయించుకుని మరీ తిన్నారు. వీడు ముట్టలేదు. వెళ్తూ వెళ్తూ కృపాకుమారితో అన్నాడట, "మా అమ్మకు చెప్పండి, వెళ్తున్నానని." కాబట్టి ఇవాళ్టి నుంచి నాతో కూడా మాటల్లేవు. నువ్వొక్కదానివే అనుకోకు, మనం ఇద్దరం అయ్యాం.

ఊళ్ళోవాళ్ళు ఏమన్నా అనుకోనీ. నా తల నా మెడ మీదే ఉంది, ఎత్తుకునే తిరుగుతున్నాను.

నీ మొహం సంగతి అడిగావు. దానికి కాగితం మీద జవాబు రాయను. నేనే బందరు వస్తాను, నీ ఎదురుగా కూర్చుని చెప్తాను.

ఇక నువ్వడిగిన సలహా. సర్దుకుపోవద్దు. ఈసారి కలిపే రాశాను, సరిగ్గా చదువుకో.

నీ అత్త,
వెంకటరత్నమ్మ

---

ఇనుగుదురుపేట, మచిలీపట్నం
17 నవంబరు 2025

అత్తయ్యా,

మీ ఉత్తరం బల్ల మీదే ఉంది. రహీమా గారికి చదివి వినిపించాను. ఇప్పుడు మీరు ఎప్పుడొస్తారని రోజూ ప్రాణం తీస్తోంది. మీకు గట్టిగా మాట్లాడాలని ఇప్పట్నించే గొంతు సవరించుకుంటోంది.

నిన్న మీ అబ్బాయి వచ్చారు.

ఒక్కరే వచ్చారు. బండి కింద ఆపి, మేడ మీదకు వచ్చి, మెట్ల చివర నిలబడ్డారు. నేను డాబా మీద తడిబట్టలు ఆరేస్తున్నాను. లాస్య పిట్టగోడ పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. మనిషి కాస్త చిక్కారు. చొక్కా ఇస్త్రీ లేదు. నన్ను చూశారు, చూసి కూడా లాస్య వైపు తిరిగి, "లాస్యా, మీ అమ్మనడుగు, ఎప్పుడొస్తుందో" అన్నారు.

లాస్య పెన్ను మూత పెట్టింది. లేచి నిలబడింది. "అమ్మ ఇక్కడే ఉంది నాన్నా. మీరే అడగండి. నేనింక చెప్పను" అంది. ఈసారి తల దించలేదు. పుస్తకాలు తీసుకుని ఆయన పక్కనుంచే మెట్లు దిగి, కింద రహీమా గారి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

నేను నేర్పలేదత్తయ్యా. ఒట్టు. నేర్పితే వచ్చేదా అది?

ఇక డాబా మీద ఇద్దరమే మిగిలాం. ఆయన తరఫున మాట్లాడటానికి ఎవరూ లేరు, నా తరఫున వినడానికీ ఎవరూ లేరు. ఆయన పిట్టగోడ పట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నారు. పాపం అనిపించింది, అబద్ధం చెప్పను. పోనీ నేనే ఏదో ఒకటి అందామా అని నోటిదాకా వచ్చింది. పళ్ళ మధ్య క్లిప్పు పెట్టుకుని ఆపుకున్నాను. బకెట్లో బట్టలన్నీ అయిపోయాయి. ఆరేసినవి మళ్ళీ తీసి, దులిపి, మళ్ళీ ఆరేశాను.

చాలాసేపటికి, "మాధవీ, మంచినీళ్ళు" అన్నారు.

చవితి తర్వాత ఆయన నోట నా పేరు రావడం అదే మొదటిసారి. చెయ్యి దండెం మీద అలాగే ఆగిపోయింది. ఏడుపొచ్చింది. పదహారేళ్ళ అలవాటు కదా, కాళ్ళు వాటంతటవే లోపలికి కదలబోయాయి. కదలనివ్వలేదు.

"బిందె లోపలుంది. వచ్చి ముంచుకోండి" అన్నాను.

నా మొహంలోకి చూశారు. చెప్పులు విప్పారు. లోపలికెళ్ళి, మూత తీసి, గ్లాసు ముంచుకుని అక్కడే నిలబడి తాగారు. తర్వాత ఖాళీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, అదెక్కడ పెట్టాలని అడిగారు.

నన్నే అడిగారు.

మీ
మాధవి